నాలుగు పంక్తుల ప్రకటన.. రాతకోతలే రక్షణ

హనుమకొండ: ‘గది అద్దెకు ఇవ్వబడును. విద్యార్థులకు ప్రాధాన్యం. యూనివర్సిటీకి నడక దూరం’.. పత్రికలో చిన్న అక్షరాల్లో కనిపించే ఈ మూడు ముక్కలను నమ్ముకుని ఏటా ఎందరో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని హనుమకొండ బస్టాండులో దిగుతుంటారు. ‘ద్విచక్ర వాహనం అమ్మబడును. ఒకే యజమాని. మంచి కండిషన్’ అన్న ప్రకటన చూసి కొత్తగా చేరిన విద్యార్థి డబ్బు లెక్కపెట్టి తాళంచెవి అందుకుంటాడు. ప్రకటన పని అంతటితో అయిపోతుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బండి కాగితం పేరు మారిందా, ఇచ్చిన అడ్వాన్సుకు రశీదు ఉందా, గది ఖాళీ చేసేనాడు ఆ సొమ్ము తిరిగి వస్తుందా అన్న సంగతులు ఏ ప్రకటనలోనూ ఉండవు. నష్టం జరిగేది ఎక్కువగా అక్కడే. చిన్న ప్రకటనల ద్వారా కొనేవారు, అమ్మేవారు, అద్దెకు ఇచ్చేవారు, తీసుకునేవారు తెలుసుకోవలసిన అంశాలు ఇవి.

చదువుల ఊరు.. చేతులు మారే సరుకు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరి దశాబ్దాలుగా చదువుల కేంద్రం. ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల 1959లో ఏర్పడింది. అదే 2002లో ఎన్‌ఐటీగా మారింది. కాకతీయ వైద్య కళాశాల కూడా 1959 నాటిదే. ఉస్మానియా విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా ఉన్న ప్రాంగణం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం అయింది. ఎర్రగట్టుగుట్ట వద్ద కిట్స్ 1980లో ప్రారంభమైంది. వీటికి తోడు జూనియర్, డిగ్రీ కళాశాలలు, ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలు అనేకం. వరంగల్ అర్బన్ జిల్లా 2021లో హనుమకొండ జిల్లాగా పేరు మార్చుకున్నా, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల విద్యార్థులకు చదువంటే ఇప్పటికీ ఈ ఊరే.

వసతి గృహాల్లో సీటు దొరకనివారు, దొరికినా ఉండలేనివారు బయట గదులు చూసుకుంటారు. నయీంనగర్, కిషన్‌పుర, గోపాలపూర్, భీమారం, విద్యారణ్యపురి వంటి కాలనీల్లో పై అంతస్తు గదుల మీద వచ్చే అద్దె ఎన్నో కుటుంబాలకు ఆదరువు. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, ఇంటి అప్పు తీర్చుకుంటున్న చిరుద్యోగులు ఈ ఆదాయాన్ని లెక్కలో వేసుకునే ఇల్లు కట్టుకుంటారు. కనుక ఈ బేరంలో రెండు వైపులా ఉన్నది సామాన్యులే.

ఈ సంతకు ఒక కాలచక్రం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు ముగిసి ఊరు విడిచిపోయేవారు బండ్లు, మంచాలు, కూలర్లు, పుస్తకాలు అమ్మజూపుతారు. అప్పుడు ధర తక్కువ, కొనేవారూ తక్కువ. ఇంటర్ ప్రవేశాలతో జూన్‌లో, డిగ్రీ ‘దోస్త్’, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లతో ఆ తర్వాతి నెలల్లో కొత్తవారు వస్తారు. అప్పుడు గదికి గిరాకీ, యజమానిదే మాట. నెల రోజులు ముందు వచ్చి చూసుకున్నవారికి ఎంపిక ఉంటుంది. తరగతులు మొదలయ్యాక వచ్చినవారికి మిగిలిందే గది.

గోడ మీది బోర్డు నుంచి చేతిలోని ఫోను దాకా

ఒకప్పుడు ఈ ఊళ్లో అద్దె గది వెతకడమంటే గల్లీ గల్లీ తిరిగి గేట్లకు వేలాడే ‘టు లెట్’ పలకలు చూడటమే. జిరాక్సు దుకాణాల గోడలు, టీ కొట్లు, కళాశాల నోటీసు బోర్డుల పక్కన అతికించిన చేతిరాత కాగితాలు రెండో దారి. తెలుగు దినపత్రికలు జిల్లా అనుబంధాలను ప్రచురించడం మొదలయ్యాక స్థానిక చిన్న ప్రకటనకు చోటు దొరికింది. రాజధానిలో అచ్చయ్యే పేజీలో కిషన్‌పుర గదికి పనిలేదు. జిల్లా పేజీలో ఉంది. పంక్తికో, పదానికో ఇంత అని రుసుము తీసుకుని ‘అద్దెకు’, ‘అమ్మకానికి’, ‘కావలెను’, ‘వాహనములు’ వంటి శీర్షికల కింద వాటిని విడివిడిగా వేస్తారు.

ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఓఎల్‌ఎక్స్ 2006లో, క్వికర్ 2008లో మొదలయ్యాయి. 2016 తర్వాత మొబైల్ డేటా చౌక కావడంతో పల్లె విద్యార్థి చేతికీ ఈ సంత అందింది. ఇప్పుడు కళాశాల వాట్సాప్ బృందాల్లో సాగే బేరాలూ తక్కువేమీ కాదు.

మాధ్యమం మారినా ఒక సంగతి మారలేదు. ప్రకటనలోని విషయానికి బాధ్యత ఇచ్చినవారిదే. పాఠకులు స్వయంగా విచారించుకుని లావాదేవీలు జరుపుకోవాలని పత్రికలు అదే పేజీలో అచ్చువేస్తుంటాయి. అచ్చులో కనిపించింది కాబట్టి ఎవరో పరిశీలించే ఉంటారనుకోవడం పొరపాటు. గోడ మీది బోర్డుకు మాత్రం ఒక సుగుణం ఉంది. బోర్డు ఉన్నచోట ఇల్లు ఉంటుంది.

ప్రకటన చదవడమూ ఒక విద్యే

తక్కువ పదాల్లో ఎక్కువ చెప్పాలన్న తొందరలో చిన్న ప్రకటనకు తనదైన భాష ఏర్పడింది. ‘నడక దూరం’ అన్న మాటకు కొలత లేదు. ఏ గేటు నుంచి, ఎన్ని నిమిషాలు అని అడగాలి. ‘అన్ని వసతులు’ అంటే నీళ్లు రోజూ వస్తాయా, బోరు ఉందా, స్నానాల గది విడిగా ఉందా, నలుగురికి ఒకటేనా అని అడిగి తెలుసుకోవాలి. ‘అద్దె మాట్లాడుకోవచ్చు’ అన్నచోట బేరానికి వీలుంది. ‘ఫిక్స్‌డ్’ అన్నచోట లేదు. ‘మధ్యవర్తులు సంప్రదించరాదు’ అన్న ప్రకటన యజమాని నేరుగా ఇచ్చినదై ఉండే అవకాశం ఎక్కువ. అలా లేనిచోట ఫోను ఎత్తినవారు యజమానా, మధ్యవర్తా అని మొదటే తేల్చుకోవాలి. మధ్యవర్తి అయితే ఆయనకు ఇవ్వవలసింది ఎంతో గది చూడకముందే అడగాలి. చూశాక అడిగితే బేరం కుదరదు.

వాహనాల విషయంలో ‘ఒకే యజమాని’ అన్నది ఆర్‌సీ చూస్తే తేలే మాట. ‘ఎన్‌ఓసీ ఇవ్వబడును’ అంటే బండి వేరే రాష్ట్రంలో నమోదై ఉండవచ్చు, లేదా అప్పు మీద కొన్నదై ఉండవచ్చు. ‘పేపర్లు క్లియర్’ అన్న మాటకు పేపర్లు చేతిలో పట్టుకుని చూసేదాకా విలువ లేదు.

‘ఫ్యామిలీకి మాత్రమే’, ‘శాకాహారులకు మాత్రమే’, ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’ అన్న షరతులు అచ్చులోనే ఉంటాయి. అచ్చులో కనిపించని షరతు మరొకటి ఉంది. ఫోనులో ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, చివరికి ‘మీరేమిట్లు’ అని అడిగాక ‘నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అనే జవాబు దళిత, గిరిజన, ముస్లిం విద్యార్థులు తరచూ వినేదే. మరునాడు అదే ప్రకటన మళ్లీ కనిపిస్తుంది. చదువు కోసం వచ్చిన పిల్లవాడికి ఈ ఊరు నేర్పే మొదటి పాఠం ఇది కాకూడదు. అద్దె సకాలంలో ఇస్తాడా, ఇల్లు శుభ్రంగా ఉంచుతాడా అన్నవే యజమాని అడగదగిన ప్రశ్నలు.

గది చూసేటప్పుడు

గదిని రెండుసార్లు చూడటం మేలు. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. పగలు గాలి, వెలుతురు, గోడల చెమ్మ తెలుస్తాయి. రాత్రి వీధి దీపాలు, చుట్టుపక్కల సందడి, ఆడపిల్లలైతే దారి భద్రత తెలుస్తాయి. వానాకాలంలో వచ్చినవారు ఇంటి ముందు నీరు నిలుస్తుందా అని పక్కింటివారిని అడగాలి. భారీ వర్షాలకు నగరంలోని లోతట్టు కాలనీలు జలమయం కావడం కొత్త కాదు.

కరెంటు బిల్లు చాలా గొడవలకు మూలం. ఇంటిలోని గదులన్నింటికీ ఒకే మీటరు ఉంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి పోతాయి. ఒక్కడు వాడుకున్న కొద్దిపాటి కరెంటుకూ ఎక్కువ ధర పడుతుంది. విడి మీటరు ఉందా, సబ్ మీటరు ఉందా, సబ్ మీటరైతే యూనిట్‌కు ఎంత తీసుకుంటారు అన్నది ముందే మాట్లాడుకోవాలి. చేరిన రోజు మీటరు అంకెను ఫొటో తీసి యజమానికి పంపాలి.

అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు అందులో ఏమేం పట్టుకుంటారు, సున్నం ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి.. ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు కాగితం మీద ఉండాలి. గోడల మీది మచ్చలు, విరిగిన గొళ్లెం, కారే కుళాయి వంటివి చేరిన రోజే ఫొటోలు తీసుకుంటే వెళ్లేనాడు ఆ నష్టం మన నెత్తిన పడదు.

అద్దె ఒప్పందం.. పదకొండు నెలల కథ

అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదన్నది అందరి నోటా వినిపించే మాట. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడంతో పుట్టిన వాడుక ఇది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ చట్టానికి చేసిన సవరణ స్థిరాస్తి లీజులన్నింటినీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. ఆచరణలో విద్యార్థి గదులకు ఎవరూ రిజిస్ట్రేషన్ దాకా వెళ్లడం లేదు. స్టాంపు కాగితం మీద రాసుకుని ఇద్దరు సాక్షుల సంతకాలతో సరిపెట్టుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఉండదలచినవారు, దుకాణానికో హాస్టల్‌కో మొత్తం భవనం తీసుకునేవారు మాత్రం న్యాయవాదిని సంప్రదించి రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే క్షేమం.

ఒప్పందంలో ఇరువురి పూర్తి పేర్లు, గది చిరునామా, అద్దె, అడ్వాన్సు, చెల్లించవలసిన తేదీ, ముందస్తు నోటీసు గడువు, గదిలో ఉన్న సామాను జాబితా తప్పక ఉండాలి. నెలవారీ అద్దెకు ఉన్నప్పుడు, వేరుగా రాసుకోకపోతే, ఖాళీ చేయమనడానికైనా, చేస్తామనడానికైనా 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. అద్దె తీసుకున్న యజమాని రశీదు ఇవ్వాలని అద్దె నియంత్రణ చట్టం చెబుతోంది. యూపీఐ ద్వారా చెల్లిస్తే ఆ చెల్లింపు పద్దే రుజువు. ఏ నెల అద్దె అన్నది అక్కడే రాస్తే మరీ మంచిది.

ఇంటర్మీడియట్ విద్యార్థుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చట్టరీత్యా చెల్లదు. కనుక తల్లిదండ్రులో, సంరక్షకులో సంతకం చేయాలి. ఇది యజమానికీ రక్షణే. హామీ కింద విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోవడం, ఇవ్వడం రెండూ తప్పు. పది, ఇంటర్ మెమోలు ఎవరి వద్దా తాకట్టు పెట్టరాదు. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే దాని మీద ‘గది అద్దె కోసం మాత్రమే’ అని తేదీతో రాసి ఇవ్వాలి.

బండి అమ్మితే పేరు మార్చాల్సిందే

ఈ ఊళ్లో అత్యధికంగా చేతులు మారేవి ద్విచక్ర వాహనాలు. అత్యంత నిర్లక్ష్యంగా సాగేదీ ఈ బేరమే. చదువు అయిపోయి హైదరాబాద్‌కో, బెంగళూరుకో వెళ్లిపోయే తొందరలో విద్యార్థి తెల్లకాగితం మీద సంతకం చేసి, బండి, ఆర్‌సీ ఇచ్చేసి బస్సెక్కుతాడు. కొన్నవాడు పేరు మార్పిడి ఖర్చు ఎందుకని అలాగే నడుపుతాడు. రెండేళ్లకు మరొకరికి అమ్ముతాడు. చలాన్లు మాత్రం ఆర్‌సీలో పేరున్న పాతవాడికే వెళ్తుంటాయి.

చలాను చిన్న బాధ. ప్రమాదం జరిగితే వచ్చేది పెద్ద బాధ. వాహనం అమ్మేసినా రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే మోటారు వాహన చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఆ కేసులో కారు ఒకరి తర్వాత ఒకరుగా పలువురి చేతులు మారింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. ప్రమాద పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న మొదటి యజమాని మీదే పడింది. బండికి బీమా లేకపోతే ఆ పరిహారం సొంత జేబు నుంచి కట్టవలసిందే. ఇరవై వేలకు బండి అమ్ముకున్న కుటుంబం లక్షల పరిహారానికి జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి ఇది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రం లోపల నమోదైన బండిని అమ్మినవారు 14 రోజుల్లోగా ఆ విషయం రవాణా శాఖకు తెలపాలి. ఇతర రాష్ట్రంలో నమోదైనదైతే గడువు 45 రోజులు. కొన్నవారు 30 రోజుల్లోగా తమ పేరిట మార్పునకు దరఖాస్తు చేయాలి. అమ్మకం తెలియజేయడానికి ఫారం 29, పేరు మార్పిడికి ఫారం 30 ఉన్నాయి. బండి ఇతర రాష్ట్రానికి చెందినదైతే అక్కడి ఎన్‌ఓసీ కోసం ఫారం 28 కావాలి. ఫైనాన్స్ మీద కొన్న బండికి అప్పు తీరిందని రుణదాత ఇచ్చే ఫారం 35 లేనిదే పేరు మారదు.

కొనేవారు ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీద చెక్కిన అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. పెండింగ్ చలాన్లను పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరుతో చూడవచ్చు. నమోదు జరిగి 15 ఏళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. బండి పాతదై ఏపీ 36 సిరీస్‌లో ఉంటే ఈ తేదీని తప్పక చూడాలి. బీమాను కొన్న 14 రోజుల్లోగా తమ పేరిట మార్చమని కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. చల్లని ఇంజిన్‌తో బండి స్టార్టు చేయించి చూడాలి. మనం వెళ్లేసరికే వేడెక్కించి ఉంచిన బండి తన లోపం చెప్పదు. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే ఆయనకిచ్చే కూలి వృథా కాదు.

18 ఏళ్లలోపు పిల్లలకు బండి కొనిచ్చే తల్లిదండ్రులూ ఆలోచించాలి. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు విధించేలా 2019లో చట్టాన్ని సవరించారు.

అమ్మేవారు ఇవి మరువరాదు

* కొన్నవారితో కలిసి ఆర్‌టీఏ కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు దాఖలయ్యాకే మిగతా సొమ్ము లెక్క ముగించాలి.
* అప్పగింత పత్రం రెండు ప్రతులు రాసుకోవాలి. తేదీతో పాటు సమయం కూడా రాయాలి. ఆ తర్వాత జరిగే ఘటనలకు ఆ గంటే సరిహద్దు.
* కొన్నవారి ఆధార్, లైసెన్సు నకళ్లు తీసుకోవాలి. బండితో కలిపి ఒక ఫొటో తీయాలి.
* ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇవ్వరాదు.
* నెల తర్వాత రవాణా శాఖ రికార్డులో పేరు మారిందో లేదో చూసుకోవాలి.

ఫోను, ల్యాప్‌టాప్ కొనేముందు

సగం ధరకు వచ్చే ఫోను ఎవరిదన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అది డబ్బా మీది నంబరుతో, బిల్లులోని నంబరుతో కలవాలి. ‘కేవైఎం’ అని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు సందేశం పంపితే ఫోను వివరాలు వస్తాయి. పోయిన ఫోన్లను దేశమంతటా పనిచేయకుండా నిలిపివేసే సీఈఐఆర్ విధానం 2023 నుంచి దేశవ్యాప్తంగా అందుబాటులో ఉంది. దొంగ ఫోను కొన్నవారి చేతిలో అది ఒక్క రోజులో పలకగా మారవచ్చు.

అంతటితో పోదు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుమానించడానికి తగిన కారణం ఉండీ కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత ప్రకారం మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. 2024 జులై 1 నుంచి ఈ సంహిత అమలులో ఉంది. బిల్లు పోయిందనే అమ్మకందారు కనీసం గుర్తింపు కార్డు నకలుతో, నంబరు రాసిన కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలి. అందుకు వెనకాడేవారి దగ్గర కొనకపోవడమే ఉత్తమం.

ల్యాప్‌టాప్‌ను చార్జరు తీసి అరగంట నడిపి చూడాలి. బ్యాటరీ సంగతి అప్పుడు తెలుస్తుంది. కీబోర్డులోని ప్రతి అక్షరం, తెర మీది మచ్చలు, కెమెరా, వైఫై చూసుకోవాలి. అమ్మేవారు తమ ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఫోనునైనా ల్యాప్‌టాప్‌నైనా పూర్తిగా తుడిచి ఇవ్వాలి. చెరిపేశామనుకున్న ఫొటోలు, బ్యాంకు వివరాలు కొత్తవారి చేతిలో పడితే జరిగే నష్టం అమ్మిన ధరకంటే పెద్దది.

చిన్న సామాను, పెద్ద ఆదా

మంచం, పరుపు, కూలరు, టేబుల్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, పాఠ్యపుస్తకాలు.. వీటిలో మోసం తక్కువ, లాభం ఎక్కువ. ఎండాకాలం చివర కూలరు, విద్యా సంవత్సరం చివర పుస్తకాలు కొన్నవారికి ధర కలిసివస్తుంది. సిలబస్ మారిందో లేదో చూడకుండా పుస్తకాలు కొనరాదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో వర్తమాన వ్యవహారాలవి ఏడాది దాటితే కాగితం బరువే. ఇనుప మంచమైతే అతుకులు, చెక్క మంచమైతే చీడ, నల్లుల జాడ చూడాలి. గ్యాస్ కనెక్షన్‌ను ఒకరి పేరిట ఉన్నదాన్ని అలాగే కొనుక్కోవడం తగదు. పొయ్యి కొనుక్కుని కనెక్షన్ సొంతంగా తీసుకోవాలి.

ఊరు విడిచే విద్యార్థి, గదిలోకి వచ్చే విద్యార్థి నేరుగా మాట్లాడుకుంటే సామాను కదలకుండానే చేతులు మారుతుంది. ఆటో కిరాయి ఇద్దరికీ మిగులుతుంది. కాకపోతే ఆ సామానులో యజమానిది ఏది, విద్యార్థిది ఏది అన్నది యజమాని ఎదుటే తేల్చుకోవాలి.

తియ్యని మాటల వల

చూడని గదికి, తాకని వస్తువుకు డబ్బు పంపరాదు. మోసాల్లో అధిక భాగం ఈ ఒక్క నియమంతో ఆగిపోతాయి. సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని, అందుకే బండి తక్కువకు అమ్ముతున్నానని ఫోనులో నమ్మబలికి, రవాణా ఖర్చు పేరిట విడతలవారీగా సొమ్ము లాగడం దేశమంతటా ఎరిగిన ఎత్తుగడ. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు పంపినంత మాత్రాన అవి నిజమైనవి కావు.

అమ్మేవారిని ముంచే ఎత్తుగడ దీనికి తిరగేసినది. బేరం ఆడకుండానే చెప్పిన ధరకు ఒప్పుకుంటారు. డబ్బు పంపుతున్నామని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో పిన్ అవసరమయ్యేది డబ్బు పంపడానికే. అందుకోవడానికి పిన్ కొట్టనక్కరలేదు, స్కాన్ చేయనక్కరలేదు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో పెద్దవారికి కూడా చెప్పి ఉంచాలి. చెల్లించినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మరాదు. బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే వస్తువు చేయి దాటాలి.

‘ఇంకో ఇద్దరు చూసి వెళ్లారు, ఇప్పుడే టోకెన్ వేయండి’ అన్న తొందర కూడా ఒక సంకేతమే. నిజంగా గిరాకీ ఉన్న గదికి సాయంత్రం దాకా ఆగమంటే ఆగని యజమానులు ఉండవచ్చు. ఆగనిచోట గది పోతుంది, డబ్బు మాత్రం పోదు. వస్తువు ఇచ్చిపుచ్చుకునేది పగటిపూట, జనం తిరిగే చోట ఉండాలి. ఒంటరిగా వెళ్లరాదు. ఆడపిల్లలు గది చూడటానికి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లోవారికి చిరునామాతో తెలపాలి.

మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎంత త్వరగా తెలిపితే సొమ్ము మరో ఖాతాకు తరలిపోకుండా నిలిపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని రెండు రోజులు దాచిపెట్టుకుంటే ఆ అవకాశమూ పోతుంది. అవతలివారి ఫోన్ నంబరు, సంభాషణలు, చెల్లింపు నంబరు చెరిపివేయకుండా ఉంచాలి.

ప్రకటన ఇచ్చేవారికి

మంచి ప్రకటన వృథా ఫోన్లను తగ్గిస్తుంది. ఏమిటి, ఎక్కడ, ఎంత, ఎప్పటి నుంచి, ఎవరిని ఏ వేళ సంప్రదించాలి.. ఈ అయిదింటికీ జవాబు ఉంటే చాలు. ‘కిషన్‌పురలో మొదటి అంతస్తు, ఒక గది, వంటగది, విడి బాత్రూం, విడి మీటరు. ఇద్దరు విద్యార్థులకు. జులై 1 నుంచి. సాయంత్రం 5 నుంచి 8 వరకు’ అని రాసినవారికి పనికివచ్చే ఫోన్లే వస్తాయి. అద్దె ఎంతో రాయడానికి సంకోచించనక్కరలేదు. రాయకపోతే ఇవ్వలేనివారూ వచ్చి చూసి వెళ్తారు.

లోపం ఉంటే ముందే చెప్పడం వల్ల బేరం చెడదు. ‘సెల్ఫ్ స్టార్టు పనిచేయదు’ అని రాసిన బండికి కొంత ధర తగ్గవచ్చు. తర్వాతి తగవు మాత్రం ఉండదు. ఇంటి నంబరు, ఇంట్లో ఎవరూ ఉండని వేళలు ప్రకటనలో పెట్టరాదు. బేరం కుదిరిన రోజే ఇంటర్నెట్‌లోని ప్రకటన తీసివేయాలి. గది ఇచ్చిన యజమానులు కిరాయిదారు గుర్తింపు పత్రం, తల్లిదండ్రుల ఫోన్ నంబరు తీసి ఉంచుకోవాలి. ఠాణా నుంచి వివరాలు అడిగినప్పుడు తడుముకోనక్కరలేదు.

చివరగా..

మనిషిని నమ్మడం తప్పు కాదు. ఈ ఊళ్లో అడ్వాన్సు పైసాతో సహా తిరిగి ఇచ్చిన యజమానులు, చదువు ముగిశాక కూడా పండగకు వచ్చి పలకరించిపోయే విద్యార్థులు ఉన్నారు. అయితే కాగితం రాయమనడం అవతలివారిని అనుమానించడం కాదు. రేపు ఇద్దరిలో ఎవరికి మరుపు వచ్చినా, ఎవరికి కష్టం వచ్చినా ఆ కాగితమే మాట్లాడుతుంది. చూడనిదే డబ్బు ఇవ్వకపోవడం, రశీదు లేనిదే అడ్వాన్సు కట్టకపోవడం, పేరు మారనిదే బండి అమ్మామనుకోకపోవడం.. ఈ మూడూ పాటిస్తే నాలుగు పంక్తుల ప్రకటన మేలే చేస్తుంది.